ఇంటర్‌వెన్షనల్ రేడియాలజీ శిక్షణకు వైద్యవిద్యార్థి సన్నాహము

వైద్యవిద్యార్థి తన విద్యాకాలమున పెక్కు విభాగములందు కొన్ని దినముల చొప్పున మెలగవలసియుండును. వైద్యవిభాగమున రోగిని పరీక్షించుట, శస్త్రవిభాగమున గాయమునకు కట్టుకట్టుట, ప్రసూతివిభాగమున కాన్పును చూచుట మున్నగునవి అతడు ముందుగనే ఊహింపగల విషయములు. ఇంటర్‌వెన్షనల్ రేడియాలజీ విభాగమున అడుగిడునపుడు మాత్రము తానచట ఏమి నేర్వవలెనో అతనికి స్పష్టముగ తెలియదు. తఱచుగ జరుగునది యేమనగా, విద్యార్థి సీసపుటద్దము వెనుక నిలిచి, తెరపై కదలుచున్న నల్లని గీతలను చూచి, అది యొక చేతిపనియని భావించి, కడపటి దినమున హాజరుపుస్తకములో సంతకము పెట్టించుకొని వెడలిపోవును.

దీనివలన కలుగు నష్టము విద్యార్థికి మాత్రమే కాదు. నేటి విద్యార్థులలో ఈ శాఖను వృత్తిగ చేపట్టువారు మిక్కిలి కొందఱు. తక్కినవారు హోసూరులోనో, రాయచూరులోనో, జయపురములోనో, షోలాపూరులోనో సాధారణవైద్యులుగ పనిచేయుదురు. రాయి అడ్డుపడి, చీముపట్టిన మూత్రపిండముతో చలిజ్వరమున వణకుచు అర్ధరాత్రి వచ్చిన రోగిని తొలుత చూచువారు వీరే. మధుమేహమువలన కాలివ్రేలు నల్లబడిన వృద్ధునకు కాలు తీసివేయుటయా, రక్తనాళమును తెఱపించుటయా యను ప్రశ్న తొలుత వీరి యెదుటనే నిలుచును. సూదితోను, సన్నని గొట్టముతోను తీర్పదగిన ఆపదను వీరు గుర్తింపనిచో ఎంత నిపుణుడు నగరమున నున్నను ఆ రోగికి ప్రయోజనము లేదు. కావున ఈ శిక్షణకు సన్నాహమనగా తీగను త్రిప్పుట నేర్చుకొనుట కాదు. ఏ రోగిని, ఎప్పుడు, ఎట్లు సిద్ధపఱచి పంపవలెనో, తిరిగివచ్చిన పిమ్మట ఎట్లు కనిపెట్టియుండవలెనో నేర్చుకొనుటయే.

1. శాఖ పుట్టుపూర్వోత్తరములు

విల్హెల్మ్ రాంట్‌జెన్ 1895 నవంబరు 8వ తేదీన ఎక్స్-కిరణములను కనుగొనెను. ఎముకలు కనబడినవి గాని రక్తనాళములు కనబడలేదు. వానియందు కిరణముల నడ్డగించు ద్రవము నింపిననే తప్ప అవి చిత్రమునకు రావు. పోర్చుగల్ దేశమున ఎగాస్ మొనిజ్ 1927లో జీవించియున్న మానవుని మెదడు రక్తనాళములను ఇట్లు చిత్రింపగలిగెను. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డ్ పట్టణమున వెర్నర్ ఫోర్స్‌మాన్ అను యువవైద్యుడు తన చేతిసిరలో తానే సన్నని గొట్టమును చొప్పించుకొని, దానిని హృదయము వఱకు నడపి, ఎక్స్-రే గదికి నడచిపోయి చిత్రము తీయించుకొనెను. అప్పుడు గద్దింపులకు గురియైన ఆ సాహసమునకే 1956లో నోబెల్ బహుమానము లభించినది.

ఐనను ఒక చిక్కు మిగిలియుండెను. వెడల్పైన గొట్టమును ధమనిలో ప్రవేశపెట్టుటకు అంతకంటె వెడల్పైన సూది కావలసివచ్చెడిది. లేదా చర్మమును కోసి నాళమును బయల్పఱుపవలసి వచ్చెడిది. స్వీడన్ దేశీయుడగు స్వెన్ ఇవార్ సెల్డింగర్ ఈ చిక్కును 1953లో విడదీసెను. ఆ పద్ధతి మూడు మెట్లుగ నుండును. మొదట సన్నని సూదిని నాళములో గ్రుచ్చుదురు. పిమ్మట సూది లోపలినుండి మెత్తని మొనగల తీగను నాళములోనికి పంపి, తీగను అచటనే యుంచి సూదిని వెలికి తీయుదురు. తుదకు ఆ తీగమీదుగ గొట్టమును జాఱవిడిచి తీగను తీసివేయుదురు. సూదిచేసిన చిన్న రంధ్రమే గొట్టమునకు త్రోవయగును. నేడు మెడసిరలో గొట్టము వేయుటకును, ఱొమ్ములో చేరిన నీటిని తీయుటకును సామాన్యవైద్యుడు సైతము ఈ పద్ధతినే వాడుచున్నాడు. విద్యార్థి ఈ మూడు మెట్లను కన్నులు మూసికొని చెప్పగలిగినచో విభాగమున జరుగు పనిలో సగము అతనికి బోధపడినట్లే.

చిత్రించుట యొక్కటే పనియైయున్న ఈ విద్య చికిత్సగ మాఱినది 1964 జనవరి 16వ తేదీన. అమెరికాలోని ఆరిగాన్ రాష్ట్రమున, పోర్ట్‌లాండ్ నగరములో, 82 ఏండ్ల వృద్ధురాలికి తొడధమని ఇఱుకై పాదము కుళ్లుటకు మొదలిడెను. కాలు తీయవలెనని వైద్యులు చెప్పగా ఆమె అంగీకరింపలేదు. చార్లెస్ డాటర్ అను రేడియాలజిస్టు తీగను ఇఱుకుభాగము దాటించి, దానిమీదుగ ఒకదానికంటె నొకటి వెడల్పైన గొట్టములను నడపి ధమనిని తెఱపించెను. పాదము వెచ్చబడినది, ఆమె మరణించువఱకు ఆ కాలితోనే నడచినది. 1967లో అలెగ్జాండర్ మార్గులిస్ ఈ విద్యకు ఇంటర్‌వెన్షనల్ రేడియాలజీ యని పేరిడెను. ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ 1974లో గొట్టపు చివర బుడగ నమర్చి కాలిధమనులను, 1977 సెప్టెంబరు 16వ తేదీన జూరిక్ నగరమున హృదయధమనిని విప్పార్చెను.

డాటర్ చేసిన హెచ్చరిక యొకటి విద్యార్థులు గుర్తుంచుకొనదగినది. రోగి బాధ్యతను తామే వహింపనిచో ఈ శాఖవారు ఎక్కువ జీతము పుచ్చుకొను గొట్టపుపనివారుగ మిగులుదురని 1968లోనే అతడు చెప్పెను. ఆ వృద్ధురాలి కథలో తీగ ఎంత ముఖ్యమో, కాలు వదలుకొననన్న ఆమె మాటను వినిన చెవి యంత ముఖ్యము.

2. విభాగమున జరుగు పనులు

ఇచట జరుగు పనులు పేరునకు పెక్కులైనను నాలుగు తెగలుగ విభజింపవచ్చును. మూసికొనిపోయినదానిని తెఱచుట మొదటిది. ఇఱుకైన ధమనిని బుడగతో విప్పి స్టెంటు నిలుపుట, డయాలిసిస్ కొఱకు చేసిన ఫిస్ట్యులాను బాగుచేయుట, పక్షవాతమున మెదడుధమనిలోని రక్తపుగడ్డను లాగివేయుట దీనిలోనివి. ఈ కడపటి చికిత్స మేలైనదని 2015లో వెలువడిన పరిశోధనలవలన స్థిరపడినది. తెఱచియున్నదానిని మూయుట రెండవది. ప్రసవానంతరము ఆగని రక్తస్రావము, దెబ్బతగిలిన ప్లీహమునుండి స్రవించు రక్తము, గర్భాశయపు కణుతులు ఇట్టి చికిత్సకు లొంగును. నిలిచినదానిని వెలికితీయుట మూడవది. చీముగడ్డలు, అడ్డుపడిన పైత్యరసము, మూత్రపిండమున నిలిచిన మూత్రము ఇందులకు ఉదాహరణములు. కణుతులనుండి పరీక్షకై ముక్క తీయుట, వానిని వేడిచే మాడ్చుట నాలుగవది.

ఇందు ఒక్కొక్కపనికిని వెనుక శారీరశాస్త్రమునకు చెందిన హేతువు కలదు. కాలేయపు కాన్సరు చికిత్సయే దీనికి నిదర్శనము. కాలేయమునకు చేరు రక్తములో సుమారు నాలుగింట మూడు పాళ్లు పోర్టల్ సిరనుండియు, మిగిలిన పాలు కాలేయధమనినుండియు వచ్చును. కాలేయమున పుట్టిన కాన్సరుకణితి మాత్రము అధికభాగము ధమనిరక్తముననే బ్రతుకును. కావున ధమనిశాఖలో మందును నింపి దానిని మూసివేసినచో కణితికి ఆహారము తప్పును. పోర్టల్ సిరవలన తక్కిన కాలేయము నిలుచును. ఐతే పోర్టల్ సిర ముందే మూసికొనిపోయిన రోగికి ఇదే చికిత్స ప్రమాదకరము కావచ్చును. ఈ రెండు వాక్యములు తెలిసిన విద్యార్థికి, చిత్రములలో వైద్యుడు పోర్టల్ సిరను తొలుత ఏల వెదకునో ఒకరు చెప్పనక్కఱలేదు.

3. రాకమునుపు చదువవలసినవి

మొదటిది శారీరనిర్మాణము. బృహద్ధమని ఉదరమున విడుచు మూడు ముఖ్యశాఖలు, గజ్జనుండి పాదము వఱకు ధమనిమార్గము, చేతిధమనుల మార్గము, కాలేయపు పైత్యనాళములు, మూత్రపిండపు కుహరములు ఇవి కాగితముపై గీయగలిగియుండవలెను. పటము చూడని బాటసారికి వీధులన్నియు ఒక్కటిగనే తోచును.

గజ్జలో ధమనిని గ్రుచ్చుచోటు ప్రత్యేకముగ గమనింపదగినది. తొడయెముక శిరస్సుకు ఎదురుగనున్న భాగమున గ్రుచ్చిననే పిమ్మట ధమనిని ఎముకకు అదిమి రక్తమును ఆపుట సాధ్యము. అంతకంటె పైన గ్రుచ్చినచో రక్తము కడుపువెనుక భాగమున పైకి కనబడకుండ చేరును. క్రింద గ్రుచ్చినచో ధమనిప్రక్కన రక్తపుసంచి యేర్పడుటయో, ధమనికిని సిరకును దారి కలియుటయో సంభవించును. ఒక్క అంగుళపు భేదము ప్రాణమునకు రావచ్చును.

రెండవది కొలతలు. గొట్టముల వెడల్పును ఫ్రెంచి అను కొలతలో చెప్పుదురు. ఒక ఫ్రెంచి మిల్లీమీటరులో మూడవవంతు. ఐదు ఫ్రెంచిల కాథెటర్ వెడల్పు సుమారు 1.7 మిల్లీమీటర్లు. కాథెటర్‌కు చెప్పు కొలత బయటి వెడల్పు. షీత్ అను తొడుగునకు చెప్పు కొలత అందు పట్టు గొట్టపు వెడల్పు. సూదులకు గేజి సంఖ్య పెరిగినకొలది సూది సన్నమగును. తీగలను అంగుళములో వేయవవంతులుగ చెప్పుదురు. సామాన్యముగ వాడు తీగ 0.035 అంగుళము. బల్లయొద్ద వైద్యుడు అడుగు సంఖ్యలు ఇవియే. వీని అర్థము తెలియని విద్యార్థికి ఆ సంభాషణము పరభాషవలె నుండును.

4. ప్రక్రియకు ముందు రోగియొద్ద

విద్యార్థికి నిజమైన పాఠశాల బల్లయొద్ద కాదు. ముందటి సాయంకాలము వార్డులోని మంచమునొద్దనే. మఱునాటి జాబితాలో ఒక్క రోగిని తనవానిగ ఎంచుకొని, అతని కేసుషీటును మొదటినుండి చదివి, పాతచిత్రములను తానే చూచి, ఈ క్రింది ప్రశ్నలకు సమాధానములు వ్రాసికొనవలెను.

ఈ పని ఎందులకు చేయుచున్నారు? చేయనిచో ఏమగును? శస్త్రచికిత్సగాని మందుగాని ఏల చాలదు? ఈ మూడింటికి సమాధానము లేనియెడల తక్కిన సన్నాహమంతయు వ్యర్థము.

రక్తము గడ్డకట్టు శక్తి యెట్లున్నది? కాలేయము, మూత్రపిండము వంటి లోతైన అవయవములను గ్రుచ్చునపుడు ప్లేట్‌లెట్లు 50,000 కంటె తగ్గకుండుటయు, ఐ.ఎన్.ఆర్. 1.5 నుండి 1.8 లోపల నుండుటయు సామాన్యముగ కోరుదురు. పైపై పనులకు ఇంత కట్టుబాటు లేదు. రోగి రక్తమును పలుచబఱచు మందులు వాడుచున్నాడేమో, కడపటి మోతాదు ఎప్పుడు పుచ్చుకొనెనో అడిగి తెలిసికొనవలెను. అట్టి మందును ఆపుమని విద్యార్థి తానుగ చెప్పరాదు; స్టెంటువేసిన హృదయముగల రోగికి మందు నాపుటయే ఆపద కావచ్చును.

మూత్రపిండములెట్లున్నవి? అయొడిన్ గల కాంట్రాస్ట్ ద్రవము మూత్రపిండములద్వారా వెలికిపోవును. వడపోతశక్తి 30 కంటె తగ్గినవారిలో దీనివలన కీడు కలుగు భయము హెచ్చు. అట్టివారు మధుమేహమునకు మెట్‌ఫార్మిన్ వాడుచున్నచో ఆ సమయమున దానిని నిలిపి, 48 గంటల పిమ్మట మూత్రపిండముల స్థితిని చూచి తిరిగి మొదలిడుదురు. మునుపు ఇట్టి ద్రవమువలన దద్దురులుగాని, ఊపిరాడకపోవుటగాని కలిగెనా యనునది తప్పక అడుగవలసిన ప్రశ్న. తీవ్రమైన వికటన కలిగినచో పెద్దలకు తొలిమందు తొడకండరములో 0.5 మిల్లీగ్రాముల అడ్రినలిన్ అని విద్యార్థి కంఠస్థము చేసియుండవలెను; ఆ క్షణమున పుస్తకము వెదకుటకు తీఱిక యుండదు.

స్త్రీరోగి గర్భవతియా? మత్తు నిచ్చుటకు ముందు ఘనాహారము మాని ఆఱు గంటలును, మంచినీరు మాని రెండు గంటలును గడచినవా? ఏ ప్రక్కన పని జరుగవలెనో గుఱుతుపెట్టిరా? కాలిధమని పనియైనచో పాదములనాడులు ముందే చూచి వ్రాసిరా? ముందు నాడి యెట్లుండెనో వ్రాయకున్నచో, తరువాత అది లేకపోయినను క్రొత్తగ పోయినదో, మొదటినుండి లేదో చెప్పగలవారుండరు.

5. కిరణరక్షణము

ఈ విభాగమున విద్యార్థికిని అపాయము కలదు. దానిని భయముతోకాక తెలివితో ఎదుర్కొనవలెను. వైద్యునకు తగులు కిరణములలో అధికభాగము యంత్రమునుండి నేరుగ వచ్చునవి కావు; రోగి శరీరమును తాకి చెదరి వచ్చునవి. కావున రోగికి ఎంత దూరముగ నిలిచిన అంత క్షేమము. దూరము రెండింతలైనచో కిరణముల తీవ్రత సుమారు నాల్గవవంతునకు తగ్గును. చేతితో సాయపడు పనిలేని విద్యార్థి ఒక అడుగు వెనుకకు వేయుటవలన పాఠమేమియు పోదు.

కాలము, దూరము, అడ్డు అను మూడును రక్షణకు మూలములు. సీసపు ఏప్రన్, కంఠమునకు కవచము తప్పక ధరింపవలెను. వెనుకభాగమున సీసములేని ఏప్రన్ తొడిగినవాడు యంత్రమునకు వీపు చూపరాదు. ఏప్రన్‌ను మడచిపెట్టినచో లోపలి పొర పగులును. కొయ్యకు తగిలించియే యుంచవలెను. గొట్టము బల్లక్రింద నుండుటయు, చిత్రగ్రాహకము రోగికి దగ్గఱగ నుండుటయు అందఱకు తగులు కిరణములను తగ్గించును. ప్రక్కనుండి చిత్రించునపుడు కిరణములు పుట్టు వైపున చెదరిన కిరణములు హెచ్చు. గ్రాహకపు వైపున నిలుచుట మేలు.

భారత అణుశక్తి నియంత్రణ మండలి నియమముల ప్రకారము కిరణములతో పనిచేయువారికి ఐదేండ్ల సగటున సంవత్సరమునకు 20 మిల్లీసీవర్టులును, ఏ యొక్క సంవత్సరమునను 30 మిల్లీసీవర్టులును మించరాదు. సామాన్యప్రజలకు ఈ పరిమితి సంవత్సరమునకు 1 మిల్లీసీవర్టు. కిరణములను కొలుచు బిళ్లను ఏప్రన్ లోపల ఱొమ్ముపై ధరింతురు. దానిని గదిలో మఱచిపోవుటయు, ఒకరిది ఒకరు పెట్టుకొనుటయు కొలతను అబద్ధమొనర్చును. గర్భవతియగు విద్యార్థిని ఆ సంగతిని విభాగాధిపతికి ముందుగ తెలిపినచో ఆమెకు తగిన ఏర్పాటు చేయుదురు. దాచుటవలన మేలు లేదు.

6. గదిలోపల

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2008లో శస్త్రచికిత్సలకై ఒక భద్రతాపట్టికను వెలువరించెను. దానిననుసరించి ఈ శాఖకును పట్టికలు ఏర్పడినవి. రోగి పేరు, చేయుపని, ప్రక్క, సమ్మతి, వికటనలు, రక్తపరీక్షలు ఇవన్నియు పని మొదలిడుటకు ముందు పైకి చదువుదురు. ఆ చదువువేళ విద్యార్థి ముందటి సాయంకాలము తాను వ్రాసికొన్న సమాధానములతో సరిపోల్చుకొనవలెను. భేదము కనబడినచో వెంటనే నోరు తెఱచి చెప్పుట అతని ధర్మము. అతి చిన్నవాడు కనిపెట్టిన పొరపాటు పెద్దప్రమాదమును తప్పించును.

నీలిబట్ట పఱచిన బల్ల శుద్ధమైనది. ముడుచుకొన్న చేతులతో దానికి జానెడు ఎడముగ నిలుచుట మొదటి మర్యాద. పొడవైన తీగలు చివరికంట అదుపులేక ఎగిరి అపరిశుద్ధమగుచుండును. తీగచివరను తడిగుడ్డతో పట్టియుంచుట విద్యార్థికి తఱచు ఒప్పగింపబడు పని. గొట్టములో గాలిబుడగ లేకుండ చూచుట మఱియొకటి. మెదడుధమనిలో చిన్న బుడగయు పక్షవాతమునకు కారణము కాగలదు.

తెరపై కనబడు చిత్రమును గూర్చి ఒకమాట. కాంట్రాస్ట్ ద్రవము పంపుటకు ముందు ఒక చిత్రము తీసి, పంపినపిమ్మట తీసిన చిత్రములనుండి దానిని యంత్రము తీసివేయును. ఎముకలు మాయమై నాళములు మాత్రమే మిగులును. ఈ రెండు చిత్రముల నడుమ రోగి కదలినను, ఊపిరి పీల్చినను తీసివేత తప్పి చిత్రము చెడును. మరల ద్రవమును, కిరణములను వాడవలసివచ్చును. ఇచటనే ఈ శాఖయొక్క ముఖ్యలక్షణము బయటపడును. పెక్కు పనులలో రోగికి పూర్తి మత్తు ఇయ్యరు. గ్రుచ్చుచోట తిమ్మిరిమందు నిచ్చి, స్వల్పముగ నిదురమందు నిత్తురు. రోగి మేలుకొనియుండును, వినుచుండును, మాటలాడును. అతడు మాట వినిననే పని సాగును.

7. రోగి మాట

ఇల్లు, బడి, ఆసుపత్రి వేఱువేఱు భాషలు పలుకు ప్రాంతములలో ఈ విషయము ఎంతయు ముఖ్యమైనది. 1936లో ఒడిశా ప్రత్యేకరాష్ట్రమైనపుడు బరంపురము అందు చేరెను. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు బళ్లారి మైసూరులో చేరెను. తమిళనాట తెలుగువారు శతాబ్దములుగ నిలిచియున్నారు; షోలాపూరున పద్మశాలి కుటుంబములు మగ్గములతో స్థిరపడినవి. బళ్లారి, బరంపురము, వేలూరు, షోలాపూరు పట్టణములందు వైద్యకళాశాలలు కలవు. ఆ వార్డులలో తెలుగు మాటలాడు రోగి అపురూపము కాదు.

ఇట్టి రోగియొద్ద సమ్మతిపత్రమువిషయమున ఒక భ్రమ కలుగుట సులభము. తెలుగు మాటలాడుచున్నాడు గనుక తెలుగున అచ్చైన పత్రము నిచ్చిన చాలునని తోచును. తమిళనాట పుట్టిపెరిగిన తెలుగువారిలో పెక్కుమంది ఇంట తెలుగు పలుకుదురు, చదువునది తమిళము. షోలాపూరున మరాఠీ, బరంపురమున ఒడియా ఆ స్థానము నాక్రమించును. కావున పత్రము రోగి చదువు భాషలోను, వివరణము అతడు ఇంట పలుకు భాషలోను ఉండవలెను. యానాముయొక్క స్థితి దీనికి విపర్యయము. అచట బడియు, కచ్చేరియు తెలుగే. అచటి రోగి పెద్దవైద్యమునకై పుదుచ్చేరికి పోయినపుడు చుట్టును తమిళము వినబడును. అతనికి తెలుగుపత్రమే కావలెను. ఏ రోగికి ఏది తగునో అడిగి తెలిసికొనుట విద్యార్థి చేయగల పని.

మాటలలోని భేదము వైద్యమున ఫలించు విధము గమనింపదగినది. బాధకు తెలుగున పెక్కు పేళ్లు కలవు. ఒక్కొక్కటి ఒక్కొక్క దారి చూపును. ద్రవము పంపినపుడు ఒడలంతయు మంటగనున్నదని రోగి పలికినచో, అది చాలవఱకు ఎదురుచూడదగినదే. వెచ్చదనము క్షణములో తగ్గునని ముందే చెప్పియున్న అతడు కదలడు. పని ముగిసిన పిమ్మట నడుములో పోటు అన్నచో కడుపువెనుక రక్తస్రావమును శంకింపవలెను. పాదము తిమ్మిరి యన్నచో వెంటనే నాడి చూడవలెను. డొక్కలో సలుపు అని, వెంట వణకు వచ్చినచో చీమును తలపోయవలెను. ఈ మూడు మాటలను ఒక్క 'నొప్పి'గ మార్చి ఆసుపత్రిభాషలో చెప్పు బంధువు, తెలియకయే దారిని మూయును. తండ్రి భయపడునేమో యని కుమారుడు ప్రమాదపు మాటలను విడిచి చెప్పుటయు కలదు. కావున అనువాదమునకు బంధువునే నమ్ముకొనరాదు.

రెండుమూడు భాషలలో పెరిగిన తెలుగువిద్యార్థి ఈ విభాగమునకు తెచ్చు ధనము ఇదియే. రోగి తలయొద్ద నిలిచి, "పెద్దమ్మా, గాలి గట్టిగా పీల్చి బిగబట్టండి, చెప్పేదాకా వదలకండి" అని తగిన క్షణమున పలుకుట చిన్నపనిగ కనబడును. ముందటి సాయంకాలమే వార్డులో ఆమెచే రెండుసారులు అభ్యాసము చేయించినచో చిత్రము మొదటిసారియే కుదురును. ద్రవమును, కిరణములును ఆదాయగును. తీగ పట్టని విద్యార్థి చేయి కూడ ఆ చికిత్సలో ఉన్నట్లే.

8. ప్రక్రియానంతరము

గొట్టము తీసిన పిమ్మట గజ్జను పదిహేను నుండి ఇరువది నిముషములు చేతితో అదిమియుంచుదురు. సూది ఏటవాలుగ పోవును గనుక ధమనిలోని రంధ్రము చర్మముమీది రంధ్రమునకు కొంచెము పైగ నుండును. అదుమవలసిన చోటు అదియే. ఇది విద్యార్థికి తఱచు ఒప్పగింపబడు పని. గడియారమును చూచుచు, నడుమ చేయి యెత్తి చూడక చేయవలెను. పిమ్మట కొన్ని గంటలు కాలు చాచి పడుకొనవలెను.

ఆ సాయంకాలము విద్యార్థి తన రోగిని తిరిగి చూడవలెను. గ్రుచ్చినచోట వాపున్నదా, పాదపునాడి ముందువలె నున్నదా, పాదము వెచ్చగనున్నదా, నాడివేగము పెరుగుచున్నదా? రక్తస్రావమున నాడివేగము ముందు పెరిగి, రక్తపుపోటు తరువాత పడును. పోటు పడువఱకు వేచియుండుట ఆలస్యమే. కాలేయధమనిని మూసిన రోగికి కొలదిదినములు జ్వరము, నొప్పి, వాంతులు కలుగుట సామాన్యము. అవి తగ్గక హెచ్చినచో చీమును వెదకవలెను. ఊపిరితిత్తినుండి ముక్క తీసిన రోగికి ఆయాసము వచ్చినచో ఱొమ్ములో గాలి చేరెనేమో చూడవలెను. పైత్యరసము వెలికిపోవు గొట్టమున్నచో దినమున కెంత వచ్చినదో కొలవవలెను. హఠాత్తుగ ఆగుట బాగుపడుట కాదు, గొట్టము మూసికొనుటయో, జాఱుటయో కావచ్చును. గొట్టముతో ఇంటికి పోవు రోగికి దానిని శుభ్రపఱచు విధమును, ఏ లక్షణము కనబడినచో తిరిగి రావలెనో ఆ విషయమును అతని ఇంటిభాషలో చెప్పి, తిరిగి అతనిచే చెప్పించుకొనవలెను. రోగి తిరిగి చెప్పలేనిది, అతనికి తెలియనట్లే.

ఉపసంహారము

భారతదేశమున 2019లో ప్రవేశపెట్టబడిన నైపుణ్యాధారిత వైద్యవిద్యాక్రమము విద్యార్థికి ఐచ్ఛికశిక్షణావకాశమును కల్పించినది. ఇంటర్‌వెన్షనల్ రేడియాలజీ విభాగమున గడుపు దినములు కొలదియైనను, పైని చెప్పిన సన్నాహముతో వచ్చినవానికి అవి చాలును. శిక్షణము ముగియునప్పటికి ఒక్క రోగిని మొదటినుండి చివరవఱకు వెన్నంటి చూచి, అతని వ్యాధిని, చికిత్సకు హేతువును, సిద్ధపఱచు విధమును, తరువాతి అపాయములను తన మాటలలో వ్రాయగలిగినచో అతని కాలము సార్థకమైనట్లే. పదిమంది రోగులను తెరపై మాత్రమే చూచినవాడు ఇంత నేర్వడు.

పిమ్మట అతడు ఏ చిన్నపట్టణమున పనిచేసినను, చలిజ్వరముతో వచ్చిన రోగి మూత్రపిండమును తలచి ఆ రాత్రియే తగినచోటికి పంపును. నల్లబడిన కాలివ్రేలిని చూచి, కత్తికి ముందు నాళములను చిత్రింపుడని వ్రాయును. 1964లో పోర్ట్‌లాండ్ వృద్ధురాలికి దక్కిన పాదము, మఱియొక ఊరిలో మఱియొకరికి దక్కుటకు నిపుణుని చేతిలోని తీగ యెంత అవసరమో, వేళకు గుర్తించి పంపిన ఈ సామాన్యవైద్యుని చీటియు అంతే అవసరము.